కిటికీలో మట్టిముద్ద

కిటికీ గట్టు మీదున్న మట్టిముద్దను ఆమె చీపురుతో ఒక్క తోపు తోసింది. నిన్నటి ముద్ద అది. అప్పటికే నెర్రెలిచ్చింది, నేల తగలగానే పొడి అయిపోయింది. ఖాళీ అయిన చోట ఆయన ఇవాళ్టి ముద్ద పెట్టాడు. తెల్లవారకముందే చేలోకి వెళ్లి, గుప్పెడు మట్టి తీసి, గట్టిగా పిసికి తెచ్చినది.

"సాయంత్రానికి ఇది పగలకపోతే నేలలో విత్తే పదును నిలిచినట్టే. రేపు విత్తుదాం."

"రాత్రి వాన దంచి కొట్టింది కదయ్యా! ఇంకా దీన్ని అడగాలా?"

"ఒక్క పూట ఆగితే కొంపలేం మునగవులే."

"మునుగుతాయి. ఒలిచిన గింజ ఎన్నాళ్లుంటుంది? నీ రేపు వచ్చేలోగా వేయించుకు తినేద్దాం!"

ఆయన ఎడమ భుజం రుద్దుకుంటూ నవ్వాడు. ఆ భుజం నొప్పి డాక్టరుకు చూపించమంటే దానికీ రేపే.

మొదట్లో ఆయన ఇలా ఉండేవాడు కాదు. ఒక ఏడు తొలివానకే వేరుశనగ వేశాడు. పంట విరగకాసింది. పీకే వేళకు ముసురు పట్టుకుంది. చివరికి మొక్క పీకి చూస్తే కాయల్లోంచి తెల్లటి మొలకలు వేలాడాయి. ఆ రోజుతో ఆయనకు ఆకాశం మీద నమ్మకం పోయింది. తర్వాత ఏటా ఆలస్యమే. పూత అయ్యేసరికి ఎండలు ముదిరేవి. పువ్వు నుంచి కిందికి దిగే ఊడలు గట్టిపడిన నేలలోకి దూరలేక మాడిపోయేవి. దిగిన వాటికి గింజ లేని లొట్టకాయలు. వీధిలో ఆయన పేరు రేపయ్య అయింది.

ఆ పొద్దున ఆమె ఎప్పటిలాగే వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో కూలికి వెళ్లింది. అక్కడ ఒకే విత్తనాన్ని ఒక్కో మడిలో ఒక్కో అదనులో వేసి దిగుబడి తూస్తారు.

"ఈ మడి వదిలేయండి. నెల ఆగి వేద్దాం," అంది ఆఫీసరమ్మ.

"పదునుంది కదా మేడమ్?"

"ఉంది. ఆలస్యమైతే ఎంత నష్టమో తెలియాలిగా."

"మా ఇంటికొచ్చి అడిగితే నేనే చెప్పేదాన్ని."

పక్క సాలులో గింజలు వేస్తున్న పక్కింటి పిన్ని అందుకుంది. "రేపయ్యను పనిలో పెట్టుకోండి మేడమ్. ఆలస్యంలో ఆయన్ని మించిన సైంటిస్టు దొరకడు!"

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పళ్లు బిగించి.

"ముందు వేసినా ముప్పేనమ్మా," అంది ఆఫీసరమ్మ. "కోత వానలో చిక్కుకుంటే అంతా పోతుంది."

"వద్దు మేడమ్. ఆ మాట ఆయన చెవిన పడితే వచ్చే ఏడు కూడా విత్తడు."

మధ్యాహ్నానికి గాలి లేచింది. మడుల మీద మట్టి తెల్లబడుతోంది. తన చేలో కూడా ఇలాగే ఆరిపోతూ ఉంటుంది. పని ముగియగానే ఇంటికి వెళ్లకుండా నేరుగా చేనువైపు నడిచింది. తిట్లన్నీ నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

గట్టెక్కి ఆగిపోయింది.

చేనంతా విత్తి ఉంది. కప్పిన ప్రతి సాలు మీదా వరసగా పాదాల గుర్తులు. చివరి సాలు ఒక్కటే తెరుచుకుని ఉంది. ఆయన చెట్టు మొదట్లో ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్లో గింజల గిన్నె.

"పొద్దున్నే చెబితే పని మానేసి వచ్చేదాన్ని కదయ్యా! ఒక్కడివే ఇంత చేశావా? ఆ ఒక్క సాలు మాత్రం రేపటికా?"

పలకలేదు. భుజం పట్టి కుదిపింది. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి చల్లగా ఉంది.

ఆమె పక్కనే కూలబడింది.

"అన్నిటికీ రేపన్నావు," అంది. "దీనికేం తొందరొచ్చిందయ్యా?"

గాలి ఆగలేదు. తెరిచిన సాలు అంచులు ఆరిపోతున్నాయి. ఆమె గిన్నె తీసుకుంది. వంగి, గింజలు వేసి, పాదంతో మట్టి కప్పి, ఆ కొస దాకా వెళ్లింది. తర్వాతే గట్టు మీద నిలబడి కేకేసింది.

మోసుకొచ్చి వసారాలో పడుకోబెట్టారు. జనం వస్తున్నారని పిన్ని చీపురు పట్టుకుని గదిలోకి వచ్చింది. కిటికీ వైపు చెయ్యి చాచింది.

"దాన్ని ముట్టుకోకు పిన్నీ."

ముద్ద పగల్లేదు. దాని మీద ఆయన వేళ్ల గుర్తులు ఇంకా తడిగానే ఉన్నాయి.