సీతాలు చదివిన బోర్డు

ముప్పయ్యేళ్ళు రైల్వేలో స్టేషన్ బోర్డులు రాశాను. మా వైపు పసుపు మీద నల్లక్షరం కనబడితే అది ఈ వైకుంఠరావు చేతిదే. రిటైరయ్యేసరికి నాకు పళ్ళు పోయాయి, మా సీతాలుకు దగ్గరచూపు మందగించింది. దానికేమో తెలుగు వారపత్రిక లేనిదే పొద్దు గడవదు.

పెన్షనర్ల కార్డు పుణ్యమా అని పోయినేడు నాకు కట్టుడుపళ్ళొచ్చాయి. పత్రిక నేనే చదివి పెడుతుంటే, పేరాలు దాటేస్తున్నానని రోజూ దెబ్బలాట. ఈ ఏడు అదే కార్డు మీద భార్యకు కళ్ళజోడు ఇస్తామన్నారు. ఒక్కటే జత, మళ్ళీ కావాలంటే మూడేళ్ళు ఆగాలి. సీతాలును వెంటబెట్టుకుని మా బరంపురంలోనే గేట్ బజార్ దగ్గర పెట్టిన కంటి శిబిరానికి వెళ్ళాను.

అద్దాలు చూసే అమ్మాయి పేరు మినతి. సీతాలు చేతికి ఒడియా అక్షరాల అట్ట ఇచ్చి చదవమంది. ఎన్ని అద్దాలు మార్చినా ఇది నోరు విప్పదు. అన్నిటికన్నా పెద్ద అక్షరానికీ తల అడ్డంగా ఊపింది.

"మావుసీకి చూపు బాగా పోయింది. చాలా లావు అద్దాలు రాయాలి" అంది మినతి ఒడియాలో, దిగులుగా. మావుసీ అంటే పిన్ని.

సీతాలు వైపు తిరిగాను. "ఏటే, అంత పెద్దచ్చరం కనబడలేదా?"

"కనబడకేటి! ఒడియా సదవడం నాకు రాదు కదేటి" అని గొణిగింది.

"మరి సెప్పవేటి?"

"బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని. గడగడా మాటాడతాను. సదవడం రాదని నలుగుర్లో ఎలా సెప్పుకోను? సిగ్గు కాదేటి!"

ఓరి దేవుడా! మొగమాటానికి పోతే కడుపయిందన్నట్టుంది దీని వరస. తప్పు జోడు రాయించుకుని మూడేళ్ళు తడుముకునేది!

మినతికి సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "నాకు తెలుగు రాదు మవుసా, మీరే రాసివ్వండి" అని మందుల పెట్టె అట్ట చింపి, పెన్ను చేతికిచ్చింది. వెనక బారెడు వరస ఉన్నా తొందరపెట్టలేదు. ఎవరి కడుపున పుట్టిందో, చల్లగా ఉండాలి.

మా బోర్డుల మీద ఒడియా, హిందీ, ఇంగ్లీషే గాని, తెలుగు రాసే పని ఏనాడూ పడలేదు. పైన పెద్దగా, కిందికి పోనుపోను చిన్నగా స్టేషన్ల పేర్లు రాశాను, చివర్న ఒక్కటి తప్ప.

మినతి అద్దం మార్చింది. "గంజాం" అంది సీతాలు. ఇంకోటి మార్చింది. "చత్రపురం. జగన్నాథపురం." చివరి వరస దగ్గర కళ్ళు చిట్లించింది. మినతి మరో అద్దం పెట్టింది.

"సీతాలు" అని చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అక్కడ కుదిరింది పవరు. నా కూతురి ఈడు పిల్లే అయినా, మినతికి రెండు చేతులా దణ్ణం పెట్టాను.

రిక్షాలో సీతాలు ఆ అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అడిగి మరీ తెచ్చుకుంది.

"మీరు రాసిన బోర్డుల కింద ఎన్నిసార్లు రైలు కోసం నిలబడ్డానో! మీ రాత ఒక్కటైనా సదవగలిగానేటి? ఇదే మొదటిది" అంది.

ఆ అట్ట అందుకుని, ఈసారి ఒక్క వరసా దాటెయ్యకుండా, నోటినిండా పళ్ళతో గట్టిగా చదివి పెట్టాను.