రెండో వాత

నీలాకు నీళ్లు పోద్దామని గౌను విప్పిన ఎస్తేరు, ఆ పిల్ల వెన్ను మీద రూపాయి బిళ్లంత వాత చూసి చెంబు జారవిడిచింది. పక్కనే ఇంకొకటి. మొదటిది పొక్కు చిట్లి మానుతోంది. రెండోది ఇంకా పచ్చిగా ఉంది.

అది 1994 వేసవి. మిర్యాలగూడ శివారులో, చూడరానివి చూసి బెదిరిపోయిన పిల్లలను సాకే ఆశ్రమం అది. ఎస్తేరు అక్కడ ఆయా. ఎందరో పిల్లలు ఆమె చేతుల్లో తేరుకున్నారు. ఏడేళ్ల నీలా మాత్రం తేరుకోలేదు. సాగర్ కాలువలో తల్లి కొట్టుకుపోతుంటే గట్టు మీద నిలబడి చూసిన నాటి నుంచి నోరు విప్పలేదు. "తొందరపెట్టకండి, భయం పోయిన రోజు తనే మాట్లాడుతుంది" అన్నాడు సూర్యాపేట డాక్టరు. ఆ మాటే పట్టుకుని ఎస్తేరు రోజూ జడ వేస్తూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. నెల కిందట నీలా మొదటిసారి ఆమె కొంగు పట్టుకుంది. ఇప్పుడేమో చెయ్యి వేస్తే ముడుచుకుపోతోంది.

పిల్లకు తువ్వాలు చుట్టి వార్డెన్ ప్రభాకర్ గదికి ఎత్తుకెళ్లింది. కోదాడ మనిషి, డిగ్రీ చదివినవాడు. ఆయన వెనక గోడ మీద దండ వేసిన ఫొటోలో ఆయన కూతురు నవ్వుతోంది.

ప్రభాకర్ వాతలను ఒక్క క్షణం చూసి తల తిప్పుకున్నాడు. "ఇంకెవరు? ఆ తండా బిచ్చాగాడే. దడుపుకి వాతలు పెట్టేది వీళ్లేగా! వాణ్ణి గేటు దాటనివ్వకు. పోలీసులకి చెబుతాను."

బిచ్చా నీలా మేనమామ. ఆ పిల్లకు మిగిలినవాడు అతనొక్కడే. ప్రతి ఆదివారం దామరచర్ల పక్క తండా నుంచి జొన్నరొట్టెలు తెస్తాడు. ఆ రోజూ గేటు బయట కూర్చునే ఉన్నాడు. పిల్లను చంకన వేసుకునే ఎస్తేరు మీద పడిపోయింది.

"థూ! నీ చేతులు ఇరగ! కోడలు పిల్లను కాల్చనీకి మనసెట్లొచ్చిందిరా నీకు?"

"నేనా?" వాతలు చూసి బిచ్చా తల బాదుకున్నాడు. "మా సేవాలాల్ దేవుని మీద ఒట్టక్కా! పోయిన ఆదివారం పిల్లకు జరమొచ్చిందని మీ సారు నన్ను గీడికెల్లే ఎళ్లగొట్టె. రొట్టెలు గూడ ముట్టలే. ఇగ ఎప్పుడు కాల్చిన? గాలిల కెల్లి వచ్చిన్నా?"

పోయిన ఆదివారం దాకా రోజూ నీళ్లు పోసింది ఎస్తేరే. అప్పటికి వీపు మీద మచ్చ లేదు. ఆ తరువాత నలతగా ఉందంటూ స్నానం ఆపించింది ప్రభాకరే. ఈ రోజు ఉక్కకు తాళలేక ఆయనను అడగకుండా తాను గౌను విప్పింది, అంతే.

మళ్లీ చూసింది. పాత వాత మీద పసుపుపచ్చని మందు పూత. ఆ మందు ఉండే అలమరా తాళంచెవి ప్రభాకర్ మొలతాడుకు తప్ప ఎక్కడా ఉండదు. కాల్చిన చెయ్యే మందు రాసింది! వాతను చూసినప్పటి కంటే ఆ పూతను చూస్తుంటే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది.

"తప్పయింది తమ్మీ. పిల్లను పట్టుకో. ఆటో పిలువు, దవాఖానకు పోదాం" అంది. నీలా మేనమామ ఒళ్లోకి జారి, రొట్టె ముక్క అందుకుని మెల్లగా కొరికింది.

ఎస్తేరు తిరిగి ప్రభాకర్ గదిలోకి వెళ్లి చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇయ్యి సార్. రెండోదానికి మందు పుయ్యనీకి తమరికి తీరలేనట్టుంది."

ప్రభాకర్ చెయ్యి మొలతాడు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. ఆమెను కాక ఫొటోను చూస్తూ నోరు విప్పాడు.

"నా బిడ్డకి దడుపు జ్వరమొస్తే, పసుపుకొమ్ము కాల్చి వాత పెడతానంది మా అమ్మ. నేనే అడ్డుపడ్డాను ఎస్తేరమ్మా. చదువుకున్నోణ్ణిగా. బిడ్డ పోయింది. పెట్టనిచ్చుంటే బతికేదని మా అమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. అందుకే ఈ పిల్లకి పెట్టాను. బిచ్చా మీదకి నెడితే అందరూ నమ్ముతారని నాకు తెలుసు. నువ్వూ నమ్మావుగా. కానీ విను, వాత పెట్టగానే 'యాడీ' అని అరిచింది! వాళ్ల భాషలో అమ్మ అని. నేను ఏడ్చేశాను. నా చేత్తోనే మందు రాశాను. మళ్లీ నోరు మూసేసుకుంది. ఇంకోటి పెడితే ఇంకో మాట వస్తుందనుకున్నాను. నిన్న పెట్టాను. ఈసారి అరవను కూడా లేదు."