కొమురెల్లి కడుపులో రెండో అపెండిక్స్

హన్మకొండలోని ఆ ప్రైవేటు దవాఖానలో ఇన్సూరెన్స్ కౌంటర్ ముందు సమ్మమ్మ నిలబడటం అది మూడోసారి. మొదటిసారి చేతులు కట్టుకుని నిలబడింది. రెండోసారి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. మూడోసారి రెండు మోచేతులూ కౌంటర్ మీద ఆనించేసరికి అవతల కూచున్న సుభాషిణి కీబోర్డును కాస్త తన వైపుకి లాక్కుంది.

"అక్కా, మళ్ల అదే రాసిండ్లు. మీ ఆయనకు అపెండిక్స్ లేదట."

"లేనిది ఎట్ల నొస్తాంది చెల్లె?"

"మూడేండ్ల కింద గల్ఫ్‌లనే తీసేసిండ్లట. వాళ్ల దగ్గర రికార్డున్నది. ఒక్క మనిషికి రెండుసార్లు తియ్యరు కాబట్టి పైసలు కట్టం అంటాండ్లు."

సమ్మమ్మ మొగుడు కొమురెల్లిది వర్ధన్నపేట పక్కన ఊరు. పదకొండేళ్లుగా గల్ఫ్‌లో బిల్డింగులకు ఇనుప చువ్వలు కట్టే పని. నెల సెలవు మీద వచ్చి ఆరు రోజులైంది. ఆ పొద్దున కుడివైపు పొత్తికడుపు పట్టుకుని వంగినవాడు మళ్లీ నిటారుగా లేవలేదు. డాక్టర్ శ్రీలత స్కానింగ్ చూసి, ఇది అపెండిక్స్ నొప్పి అనీ, సాయంత్రం లోపల కోయకపోతే లోపలే పగిలి ప్రాణం మీదికి వస్తుందనీ, వేరే దవాఖానకు కూడా ఇప్పుడు కదిలించవద్దనీ తేల్చి చెప్పింది. కట్టడానికి చేతిలో అంత డబ్బు లేదు. ఉన్నదల్లా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు. సెలవు మీద ఇంటికొచ్చినా అది నడుస్తుందని సమ్మమ్మ వాడకట్టంతా చెప్పుకుని తిరిగింది కూడా.

ఆమె తిన్నగా వార్డుకు పోయి మొగుడి అంగీ పైకి లేపింది. పొట్ట నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

"ఎవని కడుపు కోసిండ్లయ్యా నీ పేరు మీద?"

కొమురెల్లి ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను ఏమీ చెప్పలేదు.

"ఎల్లస్వామిది," అన్నాడు చివరికి.

తర్వాత నొప్పికీ నొప్పికీ మధ్య సందు చూసుకుని అసలు సంగతి చెప్పాడు. క్యాంపులో ఒక రూంకు పదిమంది. కంపెనీ వీసా మీద పోయినవాడు కొమురెల్లి ఒక్కడే. మిగిలిన తొమ్మిదిమందిని ఏజెంటు తోలుకుపోయాడు. వాళ్ల ఇన్సూరెన్స్ డబ్బు ఏజెంటు జేబు దాకా వచ్చి అక్కడే సుఖపడింది. పని మాత్రం పదిమందిదీ ఒకటే, ఎండ ఒకటే, అదే చువ్వ. ఆ దేశానికి వాళ్ల చేతులు కావాలి. ఆ చేతుల వెనక ఒక కడుపు, ఒక కన్ను, ఒక పన్ను కూడా దిగుతాయని అక్కడ ఎవరూ లెక్కలో పెట్టుకోలేదు.

అందుకని రూంవాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొమురెల్లి కార్డు తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది. ఎవడికి రోగమొస్తే వాడు దాన్ని మెడలో వేసుకుని క్లినిక్కుకు పోతాడు. కార్డు మీది ఫొటో హెల్మెట్ పెట్టుకుని దిగింది, ఆ హెల్మెట్ కింద ఏ తెలుగువాడైనా కొమురెల్లే. తిరిగొచ్చాక డాక్టర్ ఏమన్నాడో గోడకున్న నోటుబుక్కులో రాయాలి. లేకపోతే తర్వాత పోయేవాడు కొమురెల్లిగా తన పాత రోగాలు తానే తప్పు చెప్పి దొరికిపోతాడు. అట్లా ఐదేళ్లలో కొమురెల్లికి షుగర్ వచ్చింది, కిడ్నీలో రాయి వచ్చింది, కాలిలో మేకు దిగింది, రెండు దవడపళ్లు ఊడిపోయాయి, ఒక కన్ను మసకబారింది. మూడేళ్ల కింద ఎల్లస్వామికి ఇదే నొప్పి వస్తే, అతను మూడు రోజులు కొమురెల్లిగా పడుకుని అపెండిక్స్ తీయించుకుని వచ్చాడు.

"మరి నువ్వు ఎన్నిసార్లు వాడినవ్ ఆ కార్డు?" అంది సమ్మమ్మ.

"ఇదే మొదలు."

"ఆరు రోజులసంది చక్కెర లేని చాయ్ తాగుతానవ్, గదెందుకు?"

"షుగర్ గోళీలు ఏసుకుంటానవా అని క్లినిక్కోళ్లు నెలనెలా ఫోన్ చేస్తరు సమ్మీ. ఐదేండ్లసంది వినీ వినీ, ఏమో, నిజంగనే ఉన్నదేమోనని."

సమ్మమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండిటినీ ఒకేసారి మింగేసింది.

"పోయి ఉన్నది ఉన్నట్టు చెప్తా వాళ్లకు."

కొమురెల్లి ఆమె కొంగు పట్టుకున్నాడు. "చెప్తే కార్డు గుంజుకుంటరు. నౌకరీ పోతది. గది పోనీ. రూంల తొమ్మిదిమంది ఉన్నరు. కుమారస్వామి షుగర్ గోళీలు గా కార్డు మీదనే వస్తయ్. నేను సచ్చినా సరే, నువ్వు చెప్పకు."

"సస్తనంటే సావనిస్తనా నిన్ను," అని ఆమె కొంగు విడిపించుకుని, ఇంటి నుంచి తెచ్చిన రేషన్ కార్డు పట్టుకుని మళ్లీ కౌంటర్‌కు పోయింది. సర్కారు ఆరోగ్య పథకం కూడా సుభాషిణే చూస్తుంది.

సుభాషిణి నంబరు కొట్టి, తెర వంక చూసి, పెదవి కొరికింది. "నీ పేరున్నది అక్కా. నీ బిడ్డ పేరున్నది. ఆయనది లేదు. రేషన్ దుకాణంల వేలిముద్ర పెట్టలేదని తీసేసిండ్లు."

"గల్ఫ్‌ల ఉన్నోడు ఈడ వేలు ఎట్ల పెడ్తడు?"

"గల్ఫ్‌ల ఉన్నడనే తీసేసిండ్లు."

అక్కడ అడిగితే నీది ఇండియా అంటారు. ఇక్కడ అడిగితే నీది గల్ఫ్ అంటారు. పదకొండేళ్లు రెండు దేశాలకూ పనికొచ్చిన మనిషికి రోగమొచ్చేసరికి విమానం తప్ప ఊరు లేకుండా పోయింది.

సమ్మమ్మ ఫోను తీసింది. ఎల్లస్వామి రెండేళ్ల కింద వాపసు వచ్చేసి వర్ధన్నపేటలో ఆటో నడుపుతున్నాడు.

"ఎల్లస్వామీ, నీ అపెండిక్స్ గురించి మాట్లాడాలె. బిరాన రా," అని పెట్టేసింది.

గంటలోపల అతను ఖాకీ అంగీతో వచ్చాడు. దారిలో ఏం ఆలోచించుకున్నాడో ఏమో, సమ్మమ్మ ఆపేలోపలే కౌంటర్ ముందు అంగీ ఎత్తాడు.

"ఇగో మేడం. కోసింది నాది. మా అన్నది లోపట్నే ఉన్నది. రాసుకోండ్రి."

"నోరు మూస్కో పిలగా," అని సమ్మమ్మ అతని అంగీ కిందికి గుంజింది. ఇన్సూరెన్స్ మనిషి ముందే సొంతంగా సాక్ష్యం చెప్పాడు దొర. ఆమె ఒక్క క్షణం అతని వంకా సుభాషిణి వంకా చూసింది. అప్పుడు తట్టింది.

"నీ పేరు రేషన్ కార్డుల ఉన్నదా?"

"ఉన్నది వదినె. నెలనెల బొటనవేలు పెడ్తాన."

సుభాషిణి లేచి, వెనకాల తలుపు వేసి వచ్చి కూచుంది.

"మా తమ్ముడు మస్కట్ల ఉన్నడు," అంది తెర వంకే చూస్తూ. "పోయినేడు ఎవరి పేరు మీదనో పన్ను పీకిచ్చుకున్నడట. ఆ ఎవరో నాకు తెల్వది. సల్లగుండాలె. పేషంటు పేరు?"

"కొమురె—" అనబోయిన ఎల్లస్వామి కాలు సమ్మమ్మ తొక్కింది. "ఎల్లస్వామి."

"ఏమైతాంది?"

"కడుపుల నొస్తాంది మేడం." సంతోషంతో అతని ముఖం వెలిగిపోతోంది.

"గట్ల నవ్వకు. నీకు నొప్పి మస్తున్నది."

బొటనవేలు పెట్టాడు. మెషిన్ ఒప్పుకుంది. ఇక మంచం మీద ఫొటో కావాలి. కొమురెల్లి పక్క మంచం ఖాళీగా ఉంటే ఎల్లస్వామి దాని మీద వాలాడు. సుభాషిణి ఫోను ఎత్తింది, దించింది.

"పెండ్లికొడుకు లెక్క పన్నవు. ఇంత బాధ పెట్టు మొఖంల."

"వస్తలేదు మేడం. వదినె, జర గిచ్చు."

సమ్మమ్మ పొద్దుటి నుంచి పడ్డ ఫికరంతా వేళ్లలోకి తెచ్చుకుని గిచ్చింది. ఫొటో అద్భుతంగా వచ్చింది. పక్క మంచం మీద అసలు పేషంటు నవ్వలేక, నవ్వితే నొప్పి భరించలేక దిండు కొరుక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే డాక్టర్ శ్రీలత లోపలికొచ్చింది. ఖాకీ అంగీ వంక చూసింది, కేస్ షీటు మీది పేరు చూసింది, అవతలి మంచం చూసింది.

"ఎల్లస్వామి ఎవరు?"

ఇద్దరూ చెయ్యెత్తారు.

డాక్టర్ కొమురెల్లి పొట్ట మీద మెల్లగా నొక్కింది. అతను కెవ్వుమన్నాడు. "నేను కోసేది ఇది," అంది ఆమె. "పేర్లు మీరూ మీరూ చూసుకోండి. థియేటర్‌కు తీసుకురండి."

సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది. ఇంకో రెండు గంటలు ఆగితే పగిలేదని చెప్పి డాక్టర్ వెళ్లిపోయింది. ఎల్లస్వామి వరండాలో గోడకానుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"మేడం, అబద్ధం రాసినం కదా. ఎప్పుడన్న దొరుకుతమా?"

సుభాషిణి బ్యాగు సర్దుకుంటూ ఆగింది. "అబద్ధమెక్కడున్నది? కొమురెల్లికి అపెండిక్స్ లేదని గల్ఫ్ కంప్యూటర్ చెప్తాంది. ఇప్పుడు లేదు. ఎల్లస్వామికి లేదని మన కంప్యూటర్ చెప్తాంది. నీకు మూడేండ్లసంది లేదు. ఇద్దరిదీ నిజమే అయింది."

తెల్లారి కొమురెల్లి మంచం మీద నుంచే గల్ఫ్ రూంకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. పద్ధతి పద్ధతే కదా.

"నోటుబుక్కుల రాసుకోండ్రి. కొమురెల్లికి అపెండిక్స్ తీసిండ్లు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అది రాసే ఉన్నదన్నా, మూడేండ్ల కిందనే," అన్నాడు కుమారస్వామి. "నువ్వు పైలం. కార్డు ఎప్పుడు తెస్తవ్? నా గోళీలు ఇంకొక పదిరోజులకే ఉన్నయ్."

సమ్మమ్మ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మొగుడి అంగీ జేబులో వేసి, జేబుకు పిన్నీసు పెట్టింది. ఏడో రోజు డాక్టర్ చాయ్ తాగొచ్చు అన్నప్పుడు, అతను వద్దువద్దంటున్నా రెండు చెంచాల చక్కెర వేసింది.

"గా షుగర్ కుమారస్వామిది. ఆయనది ఆయనకే ఉండని. తాగు."