కాలేజీ స్టాపు దాటాక

అద్దాన్ని పాత బనీను గుడ్డతో తుడిచి, కొంచెం కిందికి వంచి, నచ్చక మళ్లీ పైకి లేపాడు డ్రైవరు. సీటు మీది తువ్వాలు మడత సరిచేశాడు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. రోజూ చేసే పనే. ఇవన్నీ అయితే తప్ప ఆయన చెయ్యి తాళం మీదికి పోదు. వెడల్పాటి మనిషి. కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి వాలి ఉంటుంది. స్టీరింగు తిప్పీ తిప్పీ అరచేతులు చెప్పు అడుగుల్లా గట్టిపడ్డాయి. బజార్లో ఎదురైతే ఆయన్ని ఎవరూ పోల్చుకోలేరు. వీపు కనిపిస్తే మాత్రం ఆ రూటులో తిరిగేవాళ్లంతా గుర్తుపడతారు.

అద్దంలో, వెనక సీట్లో కూతురు కనిపించింది. అదీ రోజూ ఉండేదే. ఆర్కిటెక్చరు కాలేజీలో చేరినప్పటినుంచి ఆ అమ్మాయి నాన్న బస్సే ఎక్కుతోంది, నాన్న వెనకే కూర్చుంటోంది. ఒళ్లో డ్రాయింగు షీట్ల గొట్టం ఎప్పుడూ ఉంటుంది. ఇవాళ కాళ్ల దగ్గర పెద్ద బట్టల సంచి కూడా ఉంది.

"బావా, ఆ సంచికి టికెట్టు కొట్టనా?" కిందనుంచి అడిగాడు కండక్టరు.

"ముందు నీ మీసానికి కొట్టుకో. అదే ఎక్కువ జాగా తీసుకుంటోంది."

వాళ్లిద్దరూ చుట్టాలేం కారు. ఏళ్ల తరబడి ఒకే బస్సులో తిరగడం వల్ల కలిసిన వరస అది. కండక్టరు నవ్వుకుంటూ టీ తాగడానికి వెళ్లాడు. బయల్దేరడానికి ఇంకా కాస్త టైముంది. బస్సులో తండ్రీ కూతుళ్లే మిగిలారు.

నెల రోజులుగా ఇంట్లో నడుస్తున్న గొడవంతా ఆ సంచిలోనే ఉంది. అమ్మాయి చదువుతున్నది నాలుగేళ్ల డిగ్రీ. మూడో ఏడు ముగుస్తోంది. ఈ డిగ్రీతో ఎవరి ఆఫీసులోనైనా కూర్చుని ప్లాన్లు గీయొచ్చు గానీ, వాటి కింద ఆర్కిటెక్టుగా సంతకం పెట్టే హక్కు రాదు. అది కావాలంటే ఐదేళ్ల డిగ్రీ ఉండాలి. అది వేరే ఊరి యూనివర్సిటీలో ఉంది. వాళ్లు ఆమె గీసినవన్నీ చూసి రమ్మన్నారు, కానీ రెండో ఏట్లోకి. మూడేళ్ల చదువులో చెల్లేది ఒక్క ఏడాదే. ఇక్కడ ప్రాణస్నేహితురాలుంది. చదువవగానే తన ఆఫీసులోనే పని ఇస్తానన్న మాస్టారున్నారు.

"చదివిందే మళ్లీ చదువుతానంటే నలుగురికీ ఏం చెప్పుకోనే? తప్పిందనుకుంటారు" అని తల్లి ఏడ్చింది. వారం రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. నిన్న సాయంత్రం మాత్రం ఎవరూ అడక్కుండానే బట్టలన్నీ మడతపెట్టి సంచిలో సర్దింది.

అమ్మాయి ఇంకా ఏదీ తేల్చలేదు. "కాలేజీ దగ్గర దిగితే కాలేజీ, స్టేషను దగ్గర దిగితే రైలు" అంది పొద్దున పళ్లు తోముకుంటూ. దారిలో ముందు వచ్చేది కాలేజీ. స్టేషను ఆ తర్వాత.

"నాన్నా, నువ్వొక్క మాటైనా అనవేం?"

"బస్సు తోలుకునేవాణ్ణి, నేనేం చెప్తానమ్మా?"

"వెళ్తే నా చదువు అయ్యేలోపే నువ్వు రిటైరైపోతావు. ఆ తర్వాత స్కూలు వ్యాను తోలడానికి మాట్లాడుకున్నావట. మామయ్య చెప్పాడు."

ఆయన కిటికీలోంచి టీ కొట్టు వైపు గుర్రుగా చూశాడు. కండక్టరు గ్లాసెత్తి పలకరించాడు.

"ఇంట్లో కూర్చుంటే మీ అమ్మ నాచేత కూరలు తరిగిస్తుంది. ముక్కలు సమంగా రాలేదని మళ్లీ తిడుతుంది. దానికంటే పిల్లల గోలే నయం."

అమ్మాయి ఫక్కున నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. ఆయన అది చూసి, తల తిప్పకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను మొదట డిపోలో బస్సులు కడిగేవాణ్ణి. కడిగాక వరసలో పెట్టేదీ నేనే. నాకంటే ఒడుపుగా తిప్పేవాడు లేడనేవాళ్లు. గేటు మాత్రం దాటనిచ్చేవాళ్లు కాదు. లైసెన్సు లేదుగా."

"తీసుకోవచ్చుగా?"

"శిక్షణ వేరే ఊళ్లో. ఉన్న పని మానుకోవాలి. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ ఉండిపోయాను. చివరికి నువ్వు పుట్టాక వెళ్లాను. నువ్వు నడక నేర్చుకోవడం నేను చూళ్లేదు. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పరిగెడుతున్నావు."

"బాధేసిందా?"

"వెయ్యదూ? మొదటిసారి బస్సు గేటు దాటించినప్పుడు అదంతా మర్చిపోయాను. సాయంత్రం ఇంటికొచ్చి నిన్ను చూస్తే మళ్లీ గుర్తొచ్చింది. ఇప్పటికీ అంతే. ఒకటి తలుచుకుంటే సంతోషం, ఇంకోటి తలుచుకుంటే బెంగ."

"అయితే వెళ్లమంటావా?"

"నేననను. ఎక్కడ దిగాలో ఎక్కినవాళ్లే చూసుకోవాలి."

జనం ఎక్కడం మొదలైంది. ఆఫీసులకి పోయేవాళ్లు, కూరల బుట్టతో ఒక ముసలామె, అమ్మాయి పక్కన ఆమె స్నేహితురాలు. బస్సు కదిలింది. పిండిమర దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక గతుకు ఉంది. కూతురు ఒళ్లో అట్టముక్కల ఇళ్లు పెట్టుకుని వచ్చినన్నాళ్లూ అక్కడ ఆయన బస్సుని నీళ్లకుండ దింపినట్టు దింపేవాడు. ఇవాళ ఆమె ఒళ్లో ఇల్లేదీ లేదు. కాలు మాత్రం దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

కాలేజీ స్టాపు వచ్చింది. కుర్రకారు బిలబిలా దిగారు. స్నేహితురాలు తలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది.

"ఏయ్, దిగవా?"

అమ్మాయి సంచి పట్టీని చేతికి చుట్టుకుని కూర్చుంది. స్నేహితురాలి చూపు పట్టీ చుట్టుకున్న ఆ చేతి మీద ఆగింది. గబగబా వెనక్కి వచ్చి, మెడ చుట్టూ చేతులేసి ఒక్కసారి గట్టిగా పట్టుకుని, దిగిపోయింది.

డ్రైవరు అద్దంలోకి చూడలేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. విజిలు కండక్టరు పెదాల మధ్యనే ఉండిపోయింది. వెనక ఎవరో హారను కొట్టారు. "ఏమయ్యా, నిద్రపోయారా?" అంది ముసలామె.

"పోనివ్వు మామయ్యా" అంది అమ్మాయి.

కండక్టరు విజిలు ఊదాడు. అది సగమే పలికింది.

స్టేషను దగ్గర రోడ్డు ఇరుకు. బస్సు ఎక్కువసేపు ఆగడానికి లేదు, ఆయన సీటు వదిలి లేవడానికీ లేదు. కండక్టరే సంచి కిందికి దించాడు. అమ్మాయి ముందు తలుపు దగ్గరికి వచ్చి నాన్న భుజం మీద, ఆ వాలిన భుజం మీద, చెయ్యి వేసింది.

"వెళ్లొస్తా నాన్నా. చేరగానే అమ్మకి ఫోను చేస్తా."

దారి పొడుగునా ఆయన మనసులో ఎన్నో మాటలు పేర్చుకున్నాడు. తీరా నోటికొచ్చింది ఒక్కటే.

"మెట్టు చూసుకుని దిగమ్మా."

ఆమె జనంలో కలిసింది. తలల పైన షీట్ల గొట్టం కొన కాసేపు కనిపించింది. వెనక హారన్లు ఎక్కువయ్యాయి. ఆయన గేరు మార్చాడు.

చివరి స్టాపులో అందరూ దిగాక, లేచి వెనక్కి తిరిగాడు. సీటు మూల నీళ్ల సీసా ఉంది. పొద్దున తల్లి కడిగి, అంచు దాకా నింపి, మూత రెండుసార్లు బిగించి ఇచ్చింది. అమ్మాయి సగం తాగింది.

"స్టేషన్లో కొనుక్కుంటుందిలే బావా" అన్నాడు కండక్టరు.

"ఆఁ, కొనుక్కుంటుంది."

తువ్వాలుతో సీసా తుడిచి, తన ఎదుట, బస్సు ముందు అద్దం వారగా పెట్టుకున్నాడు. మళ్లీ జనం ఎక్కారు. బస్సు వెనుదిరిగింది. మలుపు వచ్చినప్పుడల్లా సీసాలో మిగిలిన నీళ్లు ఒక పక్కకి ఒరిగి, నెమ్మదిగా మళ్లీ సమంగా నిలబడుతున్నాయి.