ముక్కు మీది మనిషి

ఆ ఇంటి ట్రాక్టరుకు ఒక దురలవాటు ఉంది. వెనక దుంగల ట్రాలీ తగిలించి మిట్ట ఎక్కిస్తే చాలు, ముక్కు పైకెత్తుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచాక స్టీరింగు తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే. ఇంకాస్త లేచిందంటే బండి వెల్లకిలా తిరగబడి, నడిపేవాళ్ళ మీదే పడుతుంది. అందుకని తెలివైనవాళ్ళు ముందు వైపు ఇనుప బరువులు బిగించుకుంటారు. ఈ ఇంటివాళ్ళు తమ్ముణ్ణి కూర్చోబెట్టారు.

తమ్ముడంటే అక్కకు తమ్ముడు. ట్రాక్టరు నడిపేది ఆ అక్కే. పొలం పనులు తీరాక, చలికాలమంతా, అడవిలో నరికి పడేసిన దుంగల్ని కోత మిల్లుకు చేర్చడం వాళ్ళ పని. ఆమె భర్త అడ్డుచెక్క చంకన పెట్టుకుని ట్రాలీ వెనక నడుస్తాడు. బండి మిట్ట మీద ఆగిందంటే, అది వెనక్కి జారేలోపు ఆ చెక్కను చక్రం కిందకు తోయాలి. చేతికి ఉన్న పని అంతే గనక, మిగతా సమయమంతా ఆయన నోరే పనిచేస్తుంది.

తమ్ముడి ఆకారం అలాంటిది. గుమ్మంలోకి ముందు పొట్ట వచ్చేది, ఆ తర్వాతే పలకరింపు వినిపించేది. మిట్ట దగ్గరకు రాగానే బానెట్ కొసన గోనెసంచి మడత వేసుకుని, గుర్రం ఎక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునేవాడు. ఇక ముక్కు లేస్తే ఒట్టు. మిల్లువాళ్ళు అతనికి తూకంరాయి అని పేరు పెట్టారు. ఒకసారి కమ్మరి, అచ్చంగా ఆ బండికి సరిపోయే బరువులు చేసిస్తానని వెంటపడితే, భర్త నవ్వి పంపేశాడు. లోకంలో కూర్చుని తినేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారట గానీ, కూర్చోవడమే ఉద్యోగంగా తినేవాడు తన బావమరిది ఒక్కడేనట. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అన్నప్పుడల్లా అందరికన్నా గట్టిగా నవ్వింది తమ్ముడే.

నవ్వడానికి కారణం ఉంది. పెళ్ళి కుదరలేదు, పెట్టిన దుకాణం పెట్టినట్టే మూతపడింది, చేరిన ఉద్యోగంలో ఎక్కడా నాలుగు కాలాలు నిలవలేదు. అక్క ఇంటికొచ్చి ఆ ముక్కు మీదకు ఎక్కాకే మనిషి కుదుటపడ్డాడు. తను లేనిదే బండి మిట్ట ఎక్కదన్న సంగతి అతనికి కడుపు నింపేది. అక్కకు అది తెలుసు. కమ్మరి మళ్ళీ వస్తే ఆమె కూడా తిప్పి పంపేది.

ఈ చలికాలం అతను గడ్డం పెంచాడు. ఎక్కడో సంపాదించిన ముతక కోటొకటి తొడిగాడు, మధ్యాహ్నం ఎండ మాడుస్తున్నా విప్పడు. ఇంట్లో పళ్ళెం ముందు కూర్చోమంటే మిల్లు క్యాంటీన్లో తినేశానంటాడు. గడ్డం గీయించుకోమని అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆ గడ్డం వెనక ముఖం ఎలా ఉందో మాత్రం చూడలేదు. రోజూ కళ్ళెదుట తిరిగే మనిషిని ఎవరు పరీక్షగా చూస్తారు?

ఆ రోజు దుంగలు ఎప్పుడూ వేసేటంతే వేశారు. మిట్ట మొదట్లో ఆమె చిన్న గేరు వేసింది. తమ్ముడు బానెట్ ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, మూడోసారికి ఎక్కాడు. వెనక నుంచి భర్త ఏదో అన్నాడు గానీ ఇంజను మోతలో వినిపించలేదు. సగం మిట్ట ఎక్కేసరికి స్టీరింగు ఆమె చేతుల్లో దూదిలా తేలిపోయింది.

ముందు చక్రాలు నేలను వదిలేశాయి. ఆమె కాలు కంగారు పడలేదు, క్లచ్ తొక్కేసింది. ముక్కు దబ్బున కిందపడింది. ట్రాలీ వెనక్కి జరిగింది, భర్త అడ్డుచెక్క తోశాడు, బండి మూలిగి ఆగింది. తమ్ముడు బానెట్ మీద నుంచి జారి దారి పక్క గడ్డిలో పడ్డాడు. పడ్డప్పుడు ఖంగుమని చప్పుడైంది.

మనిషి పడితే ఖంగుమనదు. ఆమె ఇంజను ఆపి, బ్రేకు బిగించి పరుగెత్తింది. దుంగలు జరగబట్టే ముక్కు లేచిందనుకుని భర్త గొలుసులు చూడబోయాడు. ఒక్క దుంగా జరగలేదు. కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

లేపుదామని ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుంది. కోటు చేతి నిండా గుడ్డే. లోపలెక్కడో ఎముక తగిలింది. ఆమె కోటు గుండీలు విప్పింది. జేబులు నేలకు లాగేస్తున్నాయి, లోపల వైపు ఇంకో రెండు జేబులు కుట్టి ఉన్నాయి. భర్త వచ్చి వాటిలోవి ఒక్కొక్కటే తీసి గడ్డి మీద పెట్టాడు. అరిగిపోయిన నాగలి కర్రు. తెగిన గొలుసు. పాత బేరింగులు. చివరికి ఒక సుత్తి తల. దాన్ని కాజేశారని ఆయన నెలరోజులుగా మిల్లువాళ్ళతో తగువు పడుతున్నాడు. దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎప్పటి నుంచిరా?" అంది అక్క.

వానలు వెలిసినప్పటి నుంచి ఒళ్ళు తరుగుతూనే ఉందట. తిన్నది ఒంటపట్టదట, తినబుద్ధీ కాదట. మందుల షాపతను ఒక్కసారి చూసి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పొమ్మన్నాడు. తమ్ముడు ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాడు. మనుషుల కళ్ళు కప్పొచ్చు గానీ బండి కళ్ళు కప్పలేనని, ఒంట్లోంచి ఎంత పోతే జేబులోకి అంత ఇనుము వేసుకుంటూ వచ్చాడు. మొదట్లో గొలుసు సరిపోయింది. తర్వాత కర్రు కావలసి వచ్చింది.

"ఇవాళ తక్కువవుతుందని తెలుసక్కా," అన్నాడు. "ఇంతకన్నా మోయలేకపోయాను."

"చెప్పొచ్చుగా?"

"కూర్చోడానికి కూడా పనికిరానివాణ్ణి, మీ ఇంట్లో నేనెందుకు?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చెంప పగలగొడదామని చెయ్యెత్తింది. ఆ గడ్డం కింద చెంప మిగిలిందో లేదో తెలియక చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోపం వాడి మీద సగమే. ఇన్ని నెలలు వీపు వెనకే కూర్చుని, ఆ వీపు సన్నబడుతుంటే దారి మాత్రమే చూసిన తన మీద తక్కిన సగం.

ఏడిస్తే పని కాదు గనక ఏడవలేదు. ట్రాలీ విప్పేద్దామని భర్తతో చెప్పింది. ఆయన రెండో చక్రం వెనక కూడా చెక్క పెట్టి, దాని వెనక రాళ్ళు పేర్చాడు. ఆమె బండిని వెంట్రుకవాసి వెనక్కి వదిలింది. బరువంతా చెక్కల మీదకు దిగింది, కొక్కెం వదులైంది. ట్రాలీ మూతి కింద జాకీ ఆనించి ఆయన పిన్ను లాగేశాడు. దుంగల దగ్గర తాను కాపలా ఉంటానన్నాడు. తరవాత సుత్తి తల జేబులో వేసుకుని, బావమరిది ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను అన్నవన్నీ ఊరికే అన్నాను," అన్నాడు.

"తెలుసు బావా. నేనూ ఊరికే నవ్వాను."

భర్త ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తమ్ముడు అలవాటు కొద్దీ గోనెసంచి తీసుకుని బానెట్ వైపు నడిచాడు. ఆమె అతని భుజం పట్టి ఇవతలికి తిప్పి, తన సీటు పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టింది. ట్రాలీ లేకపోతే ముక్కు లేవదని, అక్కడ మనిషి అక్కర్లేదని చెప్పింది. ఆ మాట విని అతను గోనెసంచిని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చీకటి పడేలోపు దుంగలు పంపాలని మిల్లాయన..." అంటూ మొదలుపెట్టాడు.

"దుంగలకు ఏ జబ్బూ లేదు. ఆగుతాయి."

మిట్ట దాటి తారురోడ్డు ఎక్కి, ఆసుపత్రి వైపు మళ్ళాక అతను ఏదో అన్నాడు. ఇంజను మోతలో పెదవులు కదలడమే కనిపించింది. ఆమె నడిరోడ్డు మీద బండి ఆపి ఇంజను కట్టేసింది. వెనక లారీవాడు హారను మోగించాడు. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

"ఏమన్నావు?"

"భయంగా ఉందక్కా."

లారీ పక్క నుంచి తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె చేత్తో తమ్ముడి మోకాలు పట్టుకుంది.

"నాకూ భయంగానే ఉంది," అంది. "గట్టిగా పట్టుకుని కూర్చో." ఇంజను మళ్ళీ స్టార్ట్ చేసింది.