చెదల కుండ

పొద్దున కోళ్ల గూడు తడిక తీయగానే దేవ్లా ముందు చూసేది చుక్కల పెట్ట వీపునే. మొదట తోక దగ్గర రెండు ఈకలు తక్కువయ్యాయి. వారం తిరిగేసరికి వీపు మీద అరచేయంత మేర బోసిపోయి లోపలి తోలు బయటపడింది. ఈ రోజు ఆ తోలు మీద నెత్తురు చుక్క కనపడింది.

పొడిచేది నల్ల పెట్ట. దేవ్లా రెండు రోజులు పెరటి గడప మీద కూర్చుని అదే పనిగా చూశాడు. నల్లది ఏమీ ఎరగనట్టు మట్టి గీరుతుంటుంది. చుక్కలది నూకలు ఏరుకోవడానికి తల వంచేదాకా ఆగి, పక్కనుంచి వచ్చి ఒక ఈక పట్టి లాగుతుంది. లాగినదాన్ని పారెయ్యదు, మింగేస్తుంది. ఈకను మింగే కోడిని దేవ్లా ఇంతకు ముందు చూడలేదు. వింతగా అనిపించింది గానీ ఎవరినీ అడగలేదు. అడగడం, చెప్పడం అతనికి చిన్నప్పటినుంచీ లేవు. పత్తి చేలో పక్క సాలు మనిషితో కూడా పొద్దుగూకేదాకా మాట్లాడకుండా పని చేయగలడు.

చుక్కలది అతని పెళ్ళాం మోతీ సాకిన కోడి. పిల్లగా ఉన్నప్పుడు గద్ద ఎత్తుకుపోతూ జారవిడిస్తే కాలు విరిగి వంకరగా అతుక్కుంది. మోతీ దాన్ని పొయ్యి పక్కన గంపలో పెట్టి పెంచింది. మిగతావాటితో కలిసి పెరగలేదు కాబట్టి వాటికి అది ఎప్పుడూ పరాయిదే. మోతీ ఉన్నన్నాళ్లూ ఆమె కాళ్ల దగ్గరే తిరిగింది. పొడవడానికి వచ్చినదాన్ని ఆమె చీపురుతో అదిలించేది.

మృగశిర కార్తెలో మోతీకి కామెర్లు ముదిరితే భద్రాచలం తీసుకుపోయి దవాఖానాలో చేర్చాడు. ఆరో రోజున పోయింది. అంతకు ముందు రోజు సాయంత్రం అతని చెయ్యి పట్టుకుని ఒక్క మాట చెప్పింది.

"చుక్కలదాన్ని జర చూడు. దానికి ఎవ్వరు లేరు."

దేవ్లా తలూపాడు. పిల్లలు లేని ఇల్లు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అతన్ని ఏదైనా అడిగిందంటే అదొక్కటే.

శ్రావణంలో పక్కింటి బాలి మిరప నారు పోసింది. బాలి అతని అన్న భార్య. కోళ్లు పోయి నారుమడి గీరితే బాలి దడి దగ్గర నిలబడి పొద్దంతా తిట్టింది. మరునాడు దేవ్లా చేపల వల ఒకటి కొనుక్కొచ్చి, ఇంటి వెనక గోడ పక్కన రెండు మంచాలు పట్టేంత జాగాకు చుట్టూ కట్టి, పదకొండు కోళ్లనూ అందులోకి తోలాడు. పొద్దున ఇన్ని నూకలు, ఒక మూకుడు నీళ్లు. పొడుచుకోవడం ఆ తరువాతే మొదలైంది.

నెత్తురు చూశాక అతనికి తల్లి చేసిన వైద్యం గుర్తొచ్చింది. ముల్లు గుచ్చుకున్నా, కొడవలి తగిలినా ఆమె పసుపులో సున్నం కలిపి పట్టించేది. అరచేతిలో రెండూ కలిపి రుద్దితే పారాణిలా ఎర్రగా తిరిగింది. దాన్ని చుక్కల పెట్ట వీపంతా మందంగా పూసి గంప కింద మూసిపెట్టాడు. పుండు ఆరసాగింది. కానీ ఒంటరిగా ఉండి కోడి తిండి ముట్టడం మానేసింది. గంప సందుల్లోంచి వల వైపే చూస్తూ సన్నగా మూలిగేది. నాలుగో రోజు దేవ్లాకు మనసొప్పలేదు. ఇంకొక పొర కొత్తగా పూసి, మంచి పని చేశాననే అనుకుని, దాన్ని వలలోకి వదిలి చేనికి పోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంటి వెనక చప్పుడు లేదు. కోళ్లన్నీ ఒకే మూలకు చేరి తలలు వంచి ఉన్నాయి. నల్లది ఒక్కటే కాదు, ఎన్నడూ ఎవరి జోలికీ పోని తెల్ల పెట్టలు కూడా. అతను వల ఎత్తి లోపలికి దూరితే అవి పక్కకు జరిగాయి. అన్నిటి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. చుక్కలది గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. అరవడం లేదు. అతను దగ్గరికి వచ్చేదాకా ఒక కన్నుతో చూసింది.

ఎత్తుకున్న అరచెయ్యి తడిసింది. అందులో ఏది సున్నం ఎరుపో, ఏది నెత్తురో తెలియలేదు. కోళ్లకూ తెలియలేదు. అప్పుడు అర్థమైంది అతనికి, పుండు ఎక్కడ ఉందో వాటికి తనే రంగు వేసి చూపించాడని.

కోడి చూసిన ఆ చూపును అతను అంతకు ముందు ఒకసారి చూసి ఉన్నాడు. మోతీ కాపురానికొచ్చిన అయిదో ఏడు. బోరింగు దగ్గర ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. గొడ్డుది ముందు ముట్టుకుంటే బోరు ఎండుతుందని బాలి ఆమె బిందెను కాలితో పక్కకు తోసింది. అందరూ నవ్వారు. అంతవరకూ మోతీని పల్లెత్తు మాట అననివాళ్లు కూడా నవ్వారు. పది అడుగుల దూరంలో దేవ్లా గొడ్డలికి కర్ర కామ చెక్కుతున్నాడు. మోతీ తల తిప్పి అతన్ని ఒక్కసారి చూసింది. అతను కామ మీదికి వంగి చెక్కుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక ఆమె ఆ మాట ఎత్తలేదు. మళ్లీ ఎన్నడూ అతని వైపు అట్లా చూడలేదు.

దడి అవతల బాలి నారుకు నీళ్లు చల్లుతోంది. ఇప్పుడు ఆమెకూ జుట్టు నెరిసింది, నడుం వంగింది. అతని చేతిలోని కోడిని చూసి చెంబు కింద పెట్టింది.

"ఏం పోస్తున్నవ్ వీటికి?"

"నూకలు."

"ఉత్త నూకలేనా? మోతీ రోజూ చెదలు పోస్తుండె. కుండల గడ్డి, పేడ పెట్టి అడవి అంచుకు బోర్లించొచ్చేది. తెల్లారి తెచ్చి దులిపేది. వానైనా ఎండైనా. నువ్వు చూడలే?"

చూశాడు. రోజూ తలమీద కుండతో వస్తుంటే చూశాడు. ఎందుకో అడగలేదు.

"పురుగు లేక, తిరిగే జాగ లేక ఈకలు తింటున్నయ్," అంది బాలి. "అది ఇంక బతకదు. కోసెయ్, బాధ తీరుద్ది."

దేవ్లా కోడిని రెండో చేతిలోకి మార్చుకున్నాడు. తరువాత అన్నాడు.

"బోరింగు కాడ నువ్వు మోతీని గొడ్డుదంటివి వదినె. నేను విన్న."

బాలి ముఖం మాడిపోయింది. చెంబు అంచును వేలితో రుద్దుతూ నిలబడింది.

"ఔ, అంటిని. నాకూ యాదికుంది." మెల్లగా అంది. "నువ్వు పక్కనే ఉంటివి గదా. గీ మాట గప్పుడే అనుంటే, నేను రెండోసారి అనకపోదును."

బాలి చెంబు తీసుకుని వెనక్కి తిరిగి, ఇంకో మాట అంది. "వల తీసెయ్. నారు చుట్టు ముళ్లకంప నేను పెట్టుకుంట."

చుక్కల పెట్టను గంపలో పాత చీర ముక్క మీద పడుకోబెట్టి దేవ్లా అడవి అంచుకు నడిచాడు. మోతీ కాళ్లు చేసిన సన్న దారి గడ్డిలో ఇంకా పోలేదు. తునికి చెట్టు కింద ఆమె చివరిసారి బోర్లించిన కుండ అట్లాగే ఉంది. మర్నాడు తెచ్చుకుందామని పెట్టి, దవాఖానాకు పోయింది. ఎత్తి చూశాడు. గడ్డి పోచ మిగల్లేదు. లోపలంతా చెదలు కట్టిన మట్టి, ఆమె వేళ్లంత సన్నటి దారులు. అడుగున మాత్రం ఇంకా కొన్ని తెల్లగా కదులుతున్నాయి.

అవి రాలకుండా కుండను గుండెకు ఆనించుకుని జల్దీ జల్దీ నడిచాడు. గంప ముందు గొంతుకూర్చుని చేతిలో దులిపి చుక్కలదాని ముక్కు దగ్గర పెట్టాడు. చెదలు వేళ్ల మధ్య నుంచి పాకాయి. కోడి మెడ వాల్చి ఉంది. ముట్టుకుంటే ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం లేదు.

దాన్ని కోయలేదు, ఎవరికీ ఇవ్వలేదు. తునికి చెట్టు కిందే పూడ్చాడు. కుండలో గడ్డి, పేడ నింపి పక్కన బోర్లించాడు. ఇంటికొచ్చి వల విప్పాడు. నల్ల పెట్ట అందరికంటే ముందు బయటికి ఉరికి చెత్తకుప్ప గీరడం మొదలుపెట్టింది. దాని మీద అతనికి కోపం రాలేదు.

పొద్దు వాలాక కోళ్లు వాటంతటవే గూటికి చేరాయి. ఒకదాని వెనక ఒకటి పదీ లోపలికి పోయాయి. కుంటిది ఎప్పుడూ వెనకబడి వచ్చేది. దేవ్లా తడిక పట్టుకుని, మూయకుండా, అట్లాగే నిలబడ్డాడు.