కాటా సరిగ్గానే ఉంది

పొద్దున్నే షట్టరు ఎత్తగానే కాటా మేస్త్రీ చేసే మొదటి పని, చెప్పులు విప్పి తన కాటా మీద తనే నిలబడడం. బస్తాలు తూచే పాత ఇనప కాటా అది. నిలువెత్తు స్తంభం, పైన పళ్ళెమంత ముఖం, అందులో ఎర్ర ముల్లు. తన తూకం తనకు తెలియనివాడు ఊళ్ళో కాటాలకేం మరమ్మత్తు చేస్తాడని ఆయన వాదన. ముప్పై ఏళ్ళుగా ముల్లు అరవై రెండు దగ్గరే ఆగేది. ఆగలేదంటే ఆ పూట టిఫిను కాస్త ఎక్కువైందన్నమాట.

పరీక్ష చేసిన ప్రతి కాటాకీ ఆయన ఒక అట్టముక్క కట్టేవాడు. అయితే 'సరిగ్గా ఉంది', కాకపోతే 'తప్పు', కింద సంతకం. బతిమాలినా, బెదిరించినా, చుట్టమే వచ్చి కూర్చున్నా ఆ అట్ట మీద అబద్ధం రాసిన పాపాన పోలేదు. ఆ గర్వం మీసాల్లో కనిపించేది. కనిపించాల్సిందే మరి.

ఆ ఏడు వ్యాపారాలు పడుకున్నాయి. పిండిమిల్లు మూతపడింది, దాని వెనకే కొట్లు ఒక్కొక్కటే తాళాలేసుకున్నాయి. అమ్మేవాడే లేకపోతే తూచేదేముంది? మేస్త్రీ ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. కొన్నాళ్ళకు తోలుకోవడం కూడా మానేశాడు. షట్టరు సగమే ఎత్తేవాడు. నోట్లో ముద్ద దిగదు, గడ్డం గీసుకోడు, పిలిస్తే పలకడు. చొక్కాలు వదులై భుజాల మీద వేలాడుతున్నాయి. అయినా కాటా ఎక్కితే డెబ్బై. మరో వారానికి ఎనభై. ఇంట్లో కుర్చీ ఆయన కింద కాలు విరిగింది. వడ్రంగి వచ్చి కొత్త కాలు బిగించి, "ఈ మధ్య ఏ ఇంటికెళ్ళినా ఇదే పనండీ" అని వెళ్ళిపోయాడు.

మేస్త్రీ మాత్రం కాటా పాడైందనుకున్నాడు. అలాంటి పొరపాటు ఆయనే చేయగలడు. నాలుగుసార్లు విప్పి, లోపలి మీటలు తుడిచి, నూనె వేసి బిగించాడు. ఇరవై కిలోల రాయి పెడితే ఇరవై. తను ఎక్కితే తొంభై నాలుగు.

"రాయికి సరిగ్గా చూపించేది మీకెందుకు తప్పు చూపిస్తుందండీ?" అంది భార్య.

"నాకేం రోగం? పని లేదు, అంతే. పనొస్తే అదే సర్దుకుంటుంది."

"పని లేదని నాకూ తెలుసు. నిన్న మీ చెల్లెలు అంత దూరం నుంచి వచ్చి కబుర్లు చెబుతుంటే గోడవంక చూస్తూ కూర్చున్నారు. మొన్నేమో 'నేను లేకపోయినా నీకు గడుస్తుందిలే' అన్నారు. అది పని లేనివాడి మాట కాదు. నాకు భయమేస్తోంది."

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ పాత ఇనుము కొనే ఆయన్ని పిలిపించి, కాటా పట్టుకుపొమ్మన్నాడు. భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ కాటా పోతే ఈ మనిషీ తనకు దక్కడని ఆవిడకు అర్థమైపోయింది.

ఇనుమాయన కాటా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మీ చేతి కాటా కరిగించానంటే జనం నన్ను తిట్టిపోస్తారు మేస్త్రీగారూ. 'తప్పు' అని అట్ట రాసి సంతకం పెట్టివ్వండి, తీసుకెళ్తా."

మేస్త్రీ అట్టముక్క తీసి పెన్ను ఆనించాడు. చెయ్యి కదల్లేదు. తిండి మీద, మనుషుల మీద, ఆఖరికి బతుకు మీద కూడా మనసు చచ్చిపోయింది గానీ, అట్ట మీద అబద్ధం మాత్రం ఆ చెయ్యి రాయనంటే రాయనంది. చాలాసేపటికి 'సరిగ్గా ఉంది' అని రాసి సంతకం పెట్టాడు. రాసింది తనే చదువుకున్నాడు.

"అయితే ఆ బరువు నాదే" అన్నాడు.

చెప్పులు విప్పి కాటా ఎక్కాడు. భార్య ముందర, పరాయి మనిషి ముందర, వెక్కి వెక్కి ఏడ్చాడు. ముల్లు తొంభై నాలుగు నుంచి తొంభై మూడుకు జరిగింది. ఇనుమాయన "వస్తానమ్మా" అని ఖాళీ బండి తోసుకుంటూ పోయాడు.

మర్నాడే భార్య ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా విని, ఆయన తెచ్చిన అట్ట కూడా చదివింది. "దీన్ని డిప్రెషన్ అంటారు. ఇదీ ఒక జబ్బే, సిగ్గుపడాల్సిందేం లేదు. మందులు వాడండి, వారం వారం వచ్చి నాతో మాట్లాడండి. నెమ్మదిగా తగ్గుతుంది."

"నెమ్మదైనా పరవాలేదమ్మా. వంద గ్రాములు తగ్గినా నా కాటా పట్టేస్తుంది."

ఆ మాటంటూ ఆయన మీసం మీద చెయ్యి వేయడం భార్య చూసింది. చూసి ఎన్నాళ్ళయిందో!

నెలలు గడిచినా వ్యాపారాలు ఇంకా లేవలేదు. మేస్త్రీ డెబ్బై ఒకటికి దిగాడు. ఒక్కోరోజు మళ్ళీ రెండు కిలోలు పెరుగుతాడు, మర్నాడు దిగుతాడు. షట్టరు మాత్రం పూర్తిగా ఎత్తుతున్నాడు.

ఓ పొద్దున, పిండిమిల్లులో బస్తాలు మోసిన పొడుగాయన వచ్చాడు. మనిషి ఎముకల గూడులా ఉన్నాడు. కాటా ఎక్కితే నూట పది.

"మీ కాటా పాడైనట్టుంది మేస్త్రీగారూ" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

స్తంభానికి కట్టిన అట్ట విప్పి మేస్త్రీ అతని చేతిలో పెట్టాడు.

"చదువు తమ్ముడూ. కింద సంతకం నాది."

అతను చదివేలోగా మేస్త్రీ చెప్పులేసుకుని షట్టరు దించాడు.

"పద. ఆసుపత్రి దారి నాకు తెలుసు, నేనూ వస్తున్నా."